కండ పెంచే లెక్క: ఎన్ని సెట్లు, ఎన్ని రెప్స్?

బరువులతో చేసే వ్యాయామంలో ఒక కదలికను మొదటి నుంచి చివరి వరకు ఒకసారి పూర్తి చేయడాన్ని రెప్ అనీ, మధ్యలో ఆగకుండా వరుసగా చేసిన రెప్స్ అన్నింటినీ కలిపి ఒక సెట్ అనీ వ్యవహరిస్తారు. డంబెల్‌ను పదిసార్లు ఎత్తి దించి కింద పెడితే అది పది రెప్స్ ఉన్న ఒక సెట్; కొంత విశ్రాంతి తీసుకుని మళ్లీ ఎత్తితే అది రెండో సెట్. చిన్న ఊరి జిమ్‌లో చేరినా, నగరంలోని ఖరీదైన జిమ్‌లో చేరినా కొత్తవారికి మొదట అందే లెక్క చాలావరకు ఒక్కటే: ప్రతి వ్యాయామమూ మూడు సెట్లు, సెట్‌కు పది లేదా పన్నెండు రెప్స్. ఈ లెక్కలో తప్పేమీ లేదు. అయితే దానిని శరీరధర్మం విధించిన నియమంగా భావించి, పదో రెప్ పూర్తయ్యేసరికి కండ ఏ స్థితిలో ఉందో పట్టించుకోకుండా అంకె పూర్తి చేయడమే వ్యాయామమని అనుకోవడం వల్ల, నెలల తరబడి క్రమం తప్పకుండా జిమ్‌కు వెళ్లేవారిలో కూడా ఎందరికో ఆశించిన ఫలితం దక్కడం లేదు.

పది రెప్స్ పద్ధతి స్థిరపడినది ఆసుపత్రిలో. రెండో ప్రపంచ యుద్ధంలో మోకాళ్లు దెబ్బతిన్న అమెరికన్ సైనికులకు చికిత్స చేస్తున్న థామస్ డీలార్మ్ అనే సైనిక వైద్యుడు, బలహీనపడిన కండకు తేలికపాటి కదలికలనే ఎక్కువసార్లు చేయించాలన్న అప్పటి వాడుకను పక్కనపెట్టి, రోగి పాదానికి ఇనుప బూటు తొడిగి, దానికి బరువులు జోడించి, మోకాలు చాపుతూ ఎత్తించాడు. 1945లో ప్రచురించిన వ్యాసంలో ఆయన సూచించినది రోగి సరిగ్గా పదిసార్లు మాత్రమే ఎత్తగలిగే బరువును ప్రమాణంగా తీసుకుని, పదేసి రెప్స్ చొప్పున ఏడు నుంచి పది సెట్లు చేయించడం. ఆ తర్వాత అంత శ్రమ అవసరం లేదని గ్రహించి, 1948లో ఆర్థర్ వాట్కిన్స్ అనే వైద్యుడితో కలిసి దానిని మూడు సెట్లకు తగ్గించాడు: మొదటి సెట్ ఆ బరువులో సగంతో, రెండోది ముప్పాతికతో, మూడోది పూర్తి బరువుతో. మొదటి రెండూ కండను సిద్ధం చేసేవి మాత్రమే. మూడో సెట్‌లో పదో రెప్ తర్వాత పదకొండోది సాధ్యం కాకపోవడం, బలం పెరిగేకొద్దీ బరువునూ పెంచుతూ పోవడం ఆ పద్ధతికి ప్రాణం. తర్వాతి తరాలకు మూడు, పది అనే అంకెలు భద్రంగా చేరాయి గాని, ఆ ప్రాణం చాలాచోట్ల చేరలేదు.

దీనికి తోడు వ్యాయామశాలల్లో మరో నమ్మకం కూడా పాతుకుపోయింది: ఒకటి నుంచి ఐదు రెప్స్ బలానికి, ఎనిమిది నుంచి పన్నెండు కండకు, పదిహేను దాటితే దమ్ముకు అని. రెప్స్ సంఖ్య అసలు బరువును బట్టి నిర్ణయమవుతుంది. సరైన భంగిమలో ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగే అత్యధిక బరువును వన్ రెప్ మ్యాక్స్ అంటారు. ఒక వ్యక్తికి బెంచ్ ప్రెస్‌లో, అంటే బల్లపై వెల్లకిలా పడుకుని బార్‌ను ఛాతీ మీది నుంచి పైకి నెట్టే వ్యాయామంలో, అది 60 కిలోలైతే, 45 కిలోల బరువుతో ఆయన సుమారు పది రెప్స్ చేయగలుగుతాడు. బరువు ఇంకా తగ్గిస్తే రెప్స్ పెరుగుతాయి, పెంచితే తగ్గుతాయి. కండ పెరగాలంటే ఈ కొలతలో 70 నుంచి 85 శాతం బరువు ఎత్తి తీరాలని చాలాకాలం పాటు పాఠ్యగ్రంథాలు కూడా చెప్పాయి.

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో ప్రచురించిన ప్రయోగం ఈ అభిప్రాయాన్ని గట్టిగా కదిలించింది. అంతకుముందు బరువులతో శిక్షణ లేని యువకుల చేత మోకాలు చాపే వ్యాయామాన్ని కొన్ని కాళ్లతో గరిష్ఠ బరువులో 80 శాతంతో, కొన్ని కాళ్లతో 30 శాతంతో, రెండింటిలోనూ ఇక ఎత్తలేని స్థితి వరకు మూడేసి సెట్లు పది వారాల పాటు చేయించి, తొడ కండ పరిమాణాన్ని ఎంఆర్ఐతో కొలిచినప్పుడు, పెరుగుదల రెండు పద్ధతుల్లోనూ సుమారు 7 శాతంగా కనిపించింది. అనుభవం లేనివారిలో ఏం చేసినా కండ పెరుగుతుందన్న సహజమైన ఆక్షేపణకు జవాబుగా, అదే విశ్వవిద్యాలయం 2016లో అప్పటికే శిక్షణ ఉన్న 49 మంది పురుషులపై పన్నెండు వారాల పరిశీలనను ప్రచురించింది. సెట్‌కు 20 నుంచి 25 రెప్స్ చేసినవారికీ, 8 నుంచి 12 చేసినవారికీ మధ్య కండ పెరుగుదలలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. గరిష్ఠ బరువు ఎత్తే సామర్థ్యం మాత్రం వేరే విషయం. బరువైన బార్‌ను అదుపు చేయడం కూడా అభ్యాసంతో వచ్చే నేర్పే గనుక, 2012 నాటి ప్రయోగంలో ఆ సామర్థ్యం 80 శాతం బరువుతో చేసినప్పుడే ఎక్కువగా పెరిగింది.

తేలిక బరువు బరువైన దానితో సమానంగా కండను ఎలా పెంచగలుగుతుందన్న ప్రశ్నకు జవాబు నాడీవ్యవస్థ పనితీరులో ఉంది. వెన్నుపాము నుంచి వచ్చే ఒక నాడీకణం, దాని ఆజ్ఞకు లోబడి ఒక్కసారిగా ముడుచుకునే కండర తంతువులు కలిసి ఒక మోటార్ యూనిట్ అవుతాయి. కొన్ని యూనిట్లలో తంతువులు తక్కువగా ఉంటాయి, బలం స్వల్పమైనా అవి త్వరగా అలసిపోవు; మరికొన్నింటిలో వందల తంతువులు ఉంటాయి, బలం అధికం, అలసట కూడా త్వరగా వస్తుంది, పెరిగే శక్తి కూడా వీటికే ఎక్కువ. శరీరం ముందుగా చిన్న యూనిట్లను పనిలోకి దించి, అవి చాలకపోతేనే పెద్దవాటిని పిలుస్తుందని అమెరికన్ శాస్త్రవేత్త ఎల్వుడ్ హెన్నెమన్ 1950, 60 దశకాల్లో నిరూపించాడు. బరువు చాలా ఎక్కువైతే మొదటి రెప్ నుంచే అన్ని యూనిట్లూ కావాలి. తేలిక బరువైతే మొదటి పదిహేను రెప్స్ చిన్న యూనిట్లతోనే గడిచిపోతాయి. అవి అలసి శక్తి తగ్గుతున్నకొద్దీ, అదే బరువును ఎత్తడానికి పెద్ద యూనిట్లు ఒక్కొక్కటిగా రంగంలోకి దిగవలసి వస్తుంది. ఎంత బలంగా ఎత్తాలని ప్రయత్నిస్తున్నా బరువు నెమ్మదిగానే కదిలే చివరి నాలుగైదు రెప్స్‌లో ఒక్కొక్క తంతువు మీద పడే లాగుడే కండ పెరుగుదలకు ప్రధాన ప్రేరణ. అందువల్ల ఇరవై ఐదు చేయగలిగిన బరువుతో పది చేసి ఆపినవారి సెట్, లెక్కకు పూర్తయినట్టే కనిపించినా, కండకు ఎదగవలసిన అవసరాన్ని కల్పించదు.

తేలికదనానికీ ఒక హద్దుంది. 2018లో వెలువడిన ఒక బ్రెజిల్ అధ్యయనంలో గరిష్ఠ బరువులో 40, 60, 80 శాతాలతో చేసినవారి కండలు దాదాపు సమానంగా పెరగగా, 20 శాతంతో చేసినవారిలో పెరుగుదల స్పష్టంగా తక్కువగా ఉంది. తెలుగునాట తాలింఖానాల్లో, అంటే పాతకాలపు కసరత్తుశాలల్లో, తరతరాలుగా సాగిన దండీలు, కూర్చుని లేచే బస్కీల సాధనను కూడా ఈ వెలుగులో అర్థం చేసుకోవచ్చు. కొత్తగా గోదాలోకి దిగిన కుర్రవాడికి ఇరవై బస్కీలే తొడలను వణికిస్తాయి, కండనూ పెంచుతాయి. అదే సాధకుడు కొన్నేళ్లకు ఆగకుండా వందల బస్కీలు తీసే స్థితికి చేరినప్పుడు, సొంత శరీర బరువు అతని బలంలో చిన్న భాగమైపోయి, ఆ సాధన కండ కంటే ఊపిరినీ ఓర్పునూ పెంచే సాధనగా మారుతుంది. ఆ దశలో భుజం మీద మరో మనిషిని ఎక్కించుకుని బస్కీలు తీసినా, ఒంటికాలి మీద తీసినా, భారం మళ్లీ ఫలితమిచ్చే పరిధిలోకి వస్తుంది.

రెండో వైపు హద్దు కాలానికీ కీళ్లకూ సంబంధించినది. వ్యాయామ పరిశోధకుడు బ్రాడ్ షోన్‌ఫెల్డ్ బృందం 2014లో ప్రచురించిన పరిశీలనలో చాలా బరువుతో ఏడు సెట్లు మూడేసి రెప్స్ చేసినవారికీ, మధ్యస్థ బరువుతో మూడు సెట్లు పదేసి రెప్స్ చేసినవారికీ చేతి కండ సమానంగానే పెరిగింది గాని, మొదటి వర్గానికి ఒక్కో రోజు శిక్షణకు గంటకు పైగా పట్టగా, రెండో వర్గం దాదాపు పావుగంటలో ముగించుకుంది. ముప్పై రెప్స్ సెట్లలో కండ కంటే ముందు మంట, ఆయాసం మనిషిని ఆపేస్తాయి. మూడు రెప్స్ సెట్లలో కీళ్లపై భారం ఎక్కువ. ఎనిమిది నుంచి పదిహేను రెప్స్ మధ్య చేయమనే సలహాకు ఉన్న అసలు బలం ఈ సౌకర్యమే. బరువుతో కూర్చుని లేచే స్క్వాట్ వంటి పెద్ద వ్యాయామాలకు ఆరు నుంచి పది, భుజాన్ని పక్కకు ఎత్తే చిన్న వ్యాయామాలకు పన్నెండు నుంచి ఇరవై అని విభజించుకోవడం ఇంకా మేలు.

ప్రతి సెట్‌నూ పూర్తిగా చేతులెత్తేసే వరకు కొనసాగించాలా అంటే, అవసరం లేదు. ఇంకా ఒకటి నుంచి మూడు రెప్స్ చేయగలిగే స్థితిలో ఆపితే కండకు అందవలసిన ప్రేరణ దాదాపు అంతా అందుతుంది, తర్వాతి సెట్లకు శక్తీ మిగులుతుంది. చిక్కు ఎక్కడంటే, కొత్తవారు తమ మిగులును సరిగా అంచనా వేయలేరు. ఇక రెండే చేయగలమనుకున్నచోట నిజానికి ఐదారు చేయగల సత్తా ఉంటుంది. మెషీన్ల మీద, ప్రమాదం లేని వ్యాయామాల్లో, అప్పుడప్పుడు చివరి సెట్‌ను నిజంగా ఆగిపోయే వరకు చేసి చూస్తే ఆ అంచనా కుదురుకుంటుంది. మెడ మీద బార్ ఉన్న స్క్వాట్‌లోనో, తోడు ఎవరూ లేకుండా చేసే బెంచ్ ప్రెస్‌లోనో ఈ పరీక్షకు దిగకూడదు.

సెట్ల సంఖ్యను రోజు లెక్కన కాక వారం లెక్కన చూడాలి. అనేక అధ్యయనాలను కలిపి చేసిన, 2017లో ప్రచురితమైన విశ్లేషణలో, ఒక కండకు వారానికి ఐదు కంటే తక్కువ సెట్లు చేసినవారి కంటే పది లేదా అంతకంటే ఎక్కువ చేసినవారిలో పెరుగుదల ఎక్కువగా కనిపించింది. ఐదు సెట్లలోపు చేసినవారికీ కండ పెరిగిందన్నది కూడా అంతే ముఖ్యమైన విషయం. తీరిక లేని ఉద్యోగికో, ఇంటిపనితో సతమతమయ్యే గృహిణికో ఇది నిజమైన ఊరట. కొత్తవారికి కండకు వారానికి ఆరు నుంచి పది, అనుభవం వచ్చాక పది నుంచి ఇరవై సరిపోతాయి. ఈ లెక్కలో వార్మప్ సెట్లు చేరవు; బెంచ్ ప్రెస్ ఛాతీతో పాటు చేతి వెనక కండకూ పని చెబుతుంది కాబట్టి, దానికి విడిగా చేసే సెట్లను ఆ మేరకు తగ్గించుకోవచ్చు. ఒక మంచి శిక్షణ తర్వాత కండలో కొత్త మాంసకృత్తుల నిర్మాణం ఒకటి రెండు రోజుల పాటే పెరిగి ఉంటుంది గనుక, సోమవారం ఒక్కరోజే ఛాతీకి పదిహేను సెట్లు చేసి మళ్లీ సోమవారం దాకా దాన్ని మరిచిపోయే అలవాటు కంటే, వాటిని రెండు రోజులకు పంచుకోవడం తెలివైన పని. ఒకే రోజు కూరిన సెట్లలో చివరివి అలసటతోనే గడిచిపోతాయి.

సెట్‌కూ సెట్‌కూ మధ్య విశ్రాంతి తక్కువైతే హార్మోన్లు ఉప్పొంగి కండ పెరుగుతుందన్న మాట కూడా నిలవలేదు. శిక్షణ ఉన్న యువకులపై ఎనిమిది వారాలు జరిపి 2016లో ప్రచురించిన పరిశీలనలో ఒక నిమిషం ఆగినవారి కంటే మూడు నిమిషాలు ఆగినవారికే బలమూ కండా ఎక్కువ పెరిగాయి. పెద్ద వ్యాయామాలకు రెండు మూడు నిమిషాలు, చిన్నవాటికి నిమిషం నుంచి నిమిషంన్నర విశ్రాంతి తగినంత.

ఇన్ని లెక్కలు కుదిరినా, నెలల తరబడి అదే బరువు, అవే రెప్స్ అయితే కండకు ఎదిగే కారణం ఉండదు. ఎనిమిది నుంచి పన్నెండు రెప్స్ పరిధిని ఎంచుకున్నవారు 40 కిలోలతో ఎనిమిది రెప్స్ దగ్గర మొదలుపెట్టి, వారం వారం ఒక్కొక్కటి కలుపుకుంటూ, అన్ని సెట్లలోనూ పన్నెండు చేయగలిగిన రోజున బరువును 42.5 కిలోలకు పెంచి మళ్లీ ఎనిమిదికి రావచ్చు. ఇందుకోసం ఒక చిన్న పుస్తకంలో తేదీ, బరువు, రెప్స్ రాసుకోవడం ఏ ప్రొటీన్ పౌడర్ డబ్బా కంటే ఎక్కువ ఉపయోగకరం. మొదటి కొన్ని వారాల్లో బలం వేగంగా పెరిగినా అది చాలావరకు నాడులు నేర్చుకున్న నేర్పే కనుక, అద్దంలో మార్పు ఆలస్యమైందని మానుకోకూడదు. ఆహారం విషయానికొస్తే, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 నాటి సిఫార్సుల్లో సాధారణ వయోజనులకు కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు సూచించగా, బరువులెత్తేవారికి దాదాపు 1.6 గ్రాముల వరకు ప్రయోజనం ఉంటుందని పరిశోధనలు చెబుతున్నాయి. అన్నం ఎక్కువ, పప్పు తక్కువగా ఉండే కంచంతో ఆ లెక్క కుదరదు.

రక్తపోటు ఉన్నవారి విషయంలో జాగ్రత్త తప్పనిసరి. 1985లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో బాడీబిల్డర్లు రెండు కాళ్లతో భారీ బరువును నెట్టే లెగ్ ప్రెస్ చేస్తున్నప్పుడు వారి రక్తపోటు సగటున 320/250కు చేరింది. ఊపిరి బిగబట్టడం, ఆగిపోయే వరకు చేయడం ఈ పెరుగుదలకు దోహదం చేస్తాయి కాబట్టి, అలాంటివారు వైద్యుడి అనుమతితో, పన్నెండు పదిహేను రెప్స్ చేయగలిగే బరువు తీసుకుని, ఎత్తేటప్పుడు గాలి వదులుతూ, మూడు నాలుగు రెప్స్ మిగిలి ఉండగానే ఆపాలి.

వయసు మాత్రం అడ్డంకి కాదు. 1990లో ప్రచురితమైన అధ్యయనంలో, బోస్టన్‌లో వైద్య పరిశోధకురాలు మారియా ఫియాటరోన్ బృందం సగటున 90 ఏళ్ల వయసున్న పదిమంది వృద్ధాశ్రమవాసుల చేత వారానికి మూడు రోజులు, మూడు సెట్లు, ఎనిమిదేసి రెప్స్, గరిష్ఠ బరువులో 80 శాతంతో ఎనిమిది వారాలు మోకాలి వ్యాయామం చేయించినప్పుడు, శిక్షణ పూర్తి చేసినవారి బలం సగటున 174 శాతం, తొడ కండ 9 శాతం పెరిగాయి; ఇద్దరు చేతికర్ర వదిలేసి నడిచారు. శిక్షణ ఆపిన నాలుగు వారాలకు బలం 32 శాతం తగ్గిపోయింది. పెరిగిన కండను నిలుపుకోవడానికి ఎంత సాధన కావాలన్నది అమెరికాలోని అలబామాలో 2011లో వెలువడిన మరో అధ్యయనం పరిశీలించింది. 20 నుంచి 35 ఏళ్లవారు పదహారు వారాల శిక్షణ తర్వాత సెట్లను తొమ్మిదో వంతుకు తగ్గించుకున్నా ముప్పై రెండు వారాల పాటు కండను నిలుపుకోగలిగారు. 60 నుంచి 75 ఏళ్లవారికి మూడో వంతు కూడా చాలలేదు. పరీక్షల కాలంలోనో ప్రయాణాల్లోనో యువకులు వారానికి ఒక్కసారి కొన్ని సెట్లతో సరిపెట్టుకున్నా నష్టం ఉండకపోవచ్చు గాని, అరవై దాటినవారు తాము మొదలుపెట్టిన సెట్ల సంఖ్యను అంతగా తగ్గించుకోకుండా కొనసాగించవలసి ఉంటుంది.