ఆ చెరువు అంచున ఉన్నది తుంగేనా?

తుంగ అనగానే చేలో కలుపో, సున్నిపిండిలో వేసే తుంగముస్తలో గుర్తొస్తాయి మనకి. దానికో పొడుగాటి చుట్టముంది. చెరువు అంచున, కాలువ వారన తడిలో పెరిగే చాపల తుంగ. వేసవి మధ్యాహ్నాలు మన అమ్మమ్మలు నడుం వాల్చిన తుంగచాప దానిదే. ప్లాస్టిక్ చాప మీద నాకు కోపం లేదు, కడిగితే ఇట్టే ఆరుతుంది. కానీ మే నెలలో దానిమీద పడుకుని చూడండి, వీపు అంటుకుపోతుంది!

నీటి పక్కన మొలిచిందంతా 'పిచ్చిగడ్డి' అనేస్తాం గానీ, తుంగని గుర్తుపట్టడం కందిపప్పులో రాళ్లేరడం కన్నా తేలిక. పూత కిందగా కాడని రెండు వేళ్లతో పట్టుకుని తిప్పండి. మూడు అంచులు తగిలితే తుంగ జాతే. మా చిన్నదానితో తిప్పిస్తే "అమ్మా, ముక్కోణం!" అని గంతులేసింది. కొన్ని రకాల కాడ గుండ్రంగానూ ఉంటుంది. అందుకే కణుపులు కూడా చూడాలి. గడ్డికి కాడ పొడవునా కణుపులుంటాయి. తుంగకాడ మొదలు నుంచి పూత దాకా నున్నగా ఉంటుంది, లోపల తెల్లటి బెండు. కొసన గొడుగు చువ్వల్లా విచ్చుకున్న పూత. పక్కనే గోధుమరంగు కండెతో నిలబడేది జమ్ము, అది వేరే కుటుంబం.

తమిళనాడులో తిరునెల్వేలి దగ్గర పత్తమడైలో ఈ జాతి కాడల్నే నానబెట్టి, సన్నగా చీల్చి, పట్టుగుడ్డలా మడతపడే చాపలు నేస్తారు.

మరి ఇది ఎక్కడ పడితే అక్కడ పెరగదేం? మరీ లోతు నీళ్లు పనికిరావు, ఎండు నేలా పనికిరాదు. వానలకి మునిగి వేసవికి బురద తేలే అంచు కావాలి. చిక్కంతా అక్కడే. ఆ అంచునే మనం ఖాళీ స్థలమంటాం. మట్టిపోసి చదును చేసేదీ, గోడకట్టి నడకదారి వేసేదీ అక్కడే. మురుగు చేరి ఏడాదంతా నీళ్లు నిలిచాయా, జమ్మూ, దక్షిణ అమెరికా నుంచొచ్చిన గుర్రపుడెక్కా కమ్మేస్తాయి.

కొల్లేటినే చూడండి. 1999లో అభయారణ్యమన్నారు. 2002లో రామ్‌సార్ జాబితాకెక్కింది. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టించారు. పక్షుల గురించి, చేపల గురించి బోలెడు మాట్లాడారు. తుంగ ఊసెత్తిన వాళ్లు తక్కువ. చేపల చెరువుకి ఎత్తు గట్టు, లోపల లోతు నీళ్లు. మధ్యలో ఆ పల్లపు బురద అంచేదీ?

ఈసారి పండక్కి ఊరెళితే చెరువుగట్టు దిగండి. తుంగ దుబ్బులెన్ని, జమ్మెంత, ఒడ్డుకెంత దూరాన ఉన్నాయో చూసి రాసిపెట్టుకోండి. వచ్చే ఏడు అదే చోట మళ్లీ చూడొచ్చు.