కొండెక్కే పళ్ళు

కాసెట్టు అంటే నా ఈడువాళ్ళకి పాటలే గుర్తొస్తాయి. సైకిలు షాపు కుర్రాడు "కాసెట్టు మార్చేద్దాం సార్" అన్నప్పుడు నా మనసు ముందు టేపురికార్డరు వైపే పోయింది. ఆ మాటకొస్తే రెండింటికీ మాట ఒకటే. ఫ్రెంచిలో కాసెట్ అంటే చిన్న పెట్టె. ఒకటి తీసి ఇంకొకటి పెట్టుకోవడమే దాని లక్షణం. సైకిలుకి అది వెనక చక్రం మధ్యలో ఉండే పళ్ళబిళ్ళల గుత్తి. నాదాంట్లో పది బిళ్ళలు, చిన్నదానికి 11 పళ్ళు, పెద్దదానికి 25. అవి పందేలు ఆడేవాళ్ళ పళ్ళు. అరకు ఘాట్ ఎక్కుతుంటే అవి నా మోకాళ్ళనే కొరికాయి. కుర్రాడు పెడతానన్న కొత్త గుత్తిలో పెద్ద బిళ్ళకి 34 పళ్ళు.

తొమ్మిది పళ్ళ తేడాకి ఒరిగేదేమిటని అడగొచ్చు. లెక్క వేద్దాం. ముందు చైన్‌వీల్‌కి 34 పళ్ళు. వెనక 25 ఉంటే, పెడలు ఒక చుట్టు తిరిగేసరికి చక్రం 1.36 చుట్లు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు కాబట్టి బండి 2.86 మీటర్లు ముందుకు పోతుంది. వెనక కూడా 34 అయితే చుట్టుకి చుట్టే, 2.1 మీటర్లే. ఇప్పుడు వంద మీటర్లకి 8 మీటర్లు లేచే రోడ్డు తీసుకోండి. మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలు అనుకోండి. నిమిషానికి 60 చుట్లు తొక్కాలంటే పాత గుత్తితో గంటకి పది కిలోమీటర్ల పైచిలుకు వేగం కావాలి, అందుకు దాదాపు 190 వాట్ల శక్తి. కొత్తదాంతో వేగం ఏడున్నర, శక్తి 140 వాట్లు. 140 అయితే నా బోటివాడు రొప్పుతూనైనా గంటసేపు లాగగలడు. 190 అంటే పది నిమిషాల్లో పక్కన మైలురాయి మీద కూలబడతాడు.

కొండ మాత్రం ఒక్క అంగుళం తగ్గలేదు. దానిమీదికి మోసుకెళ్ళే బరువూ తగ్గలేదు. అప్పు అంతే ఉంది, వాయిదాలు చిన్నవయ్యాయి.

ఇంత చిన్న సంగతికి సైకిలు లోకం ఒప్పుకోవడానికి దాదాపు నలభై ఏళ్ళు పట్టింది. ఫ్రాన్సులో సేంతెత్యేన్ అనే ఊళ్ళో పాల్ ద వివీ అని పట్టువర్తకుడు ఉండేవాడు. 1853లో పుట్టాడు. పట్టు వదిలేసి సైకిళ్ళ పిచ్చిలో పడి, 'వెలోసియో' అనే కలంపేరుతో 'లె సిక్లిస్త్' పత్రిక నడిపాడు. ఊరి పక్కనే 1,161 మీటర్ల ఎత్తున 'కోల్ ద లా రెపుబ్లిక్' అనే కనుమ ఉంది. వెలోసియో ఓసారి ఆ కనుమ ఎక్కుతూ ఆయాసపడుతుంటే, ఆయన పత్రిక చదివే కుర్రాడొకడు నోట్లో పైపుతో, పొగ వదులుతూ దాటిపోయాడని ఒక కథ చెబుతారు. కథ ఎంత నిజమో గానీ, ఆయన మాత్రం ఇంటికొచ్చి ముందు రెండు సైజుల చైన్‌వీళ్ళు బిగించుకున్నాడు. గేరు మార్చాలంటే దిగి, చైను చేత్తో ఎత్తి పక్కదాని మీద వెయ్యాలి. చేతులకి గ్రీజు, కాళ్ళకి సుఖం. అక్కణ్ణుంచి చైనుని పక్కకి నెట్టే డిరైలర్ల దాకా, కనిపించిన ప్రతి కొత్త అమరికనూ తొక్కి చూసి, పత్రికలో వాటికోసం వాదిస్తూనే పోయాడు.

1902లో ఫ్రాన్సు టూరింగ్ క్లబ్బు కొండదారిలో ఒక పోటీ పెట్టింది. మార్త్ ఎస్ అనే ఆవిడ మూడు గేర్ల సైకిలు మీద, ఎక్కడా నేలమీద కాలు మోపకుండా పూర్తిచేసింది. ఒంటి గేరు మీద వచ్చిన ఛాంపియన్ ఎదువార్ ఫిషర్ ఆవిడ వెనక మిగిలాడు. ఇంకేం సాక్ష్యం కావాలి? కానీ పత్రికా సంపాదకుడు ఆన్రి దెగ్రాంజ్‌కి అది చాలలేదు. గేర్లు 45 దాటినవాళ్ళకేననీ, కండబలంతో గెలవడమే గెలుపనీ ఆయన తేల్చాడు. ఆ మరుసటి ఏడే, 1903లో, టూర్ ద ఫ్రాన్స్ సైకిలు పందెం మొదలుపెట్టింది కూడా ఆయనే. తన అభిప్రాయాన్ని అందులో నియమం చేశాడు. పందెగాళ్ళు వెనక చక్రానికి రెండు పక్కలా రెండు సైజుల బిళ్ళలు పెట్టుకుని, కొండ మొదట్లో దిగి, చక్రం ఊడదీసి తిప్పి బిగించుకునేవారు. చలికి కొంకర్లు పోయిన వేళ్ళతో ఆ నట్లు విప్పాలి. డిరైలర్లకి అనుమతి దొరికింది 1937లో. అప్పటికి దెగ్రాంజ్ నిర్వహణ నుంచి తప్పుకున్నాడు, వెలోసియో 1930లోనే ట్రామ్ ఢీకొని పోయాడు. 1937 టూర్ గెలిచింది రోజే లాపెబీ అనే ఆయన, ఆయన సైకిలుకి డిరైలర్ ఉంది.

ఈ గొడవంతా చదివితే నాకనిపించేది, అక్కడ అడ్డం పడింది ఇంజనీరింగు కాదు, మగతనం అని. సున్నితమైన పళ్ళ మీద కొండెక్కితే పరువు తక్కువ. ఆ చాదస్తం ఇప్పటికీ పోలేదు. మామూలువాళ్ళు కొనే సైకిళ్ళకి కూడా పందేల పళ్ళు తగిలించి అమ్మడం నేను చూస్తూనే ఉన్నాను. మన నల్ల సైకిలే నయం. ముందు 44, వెనక 18 పళ్ళు, వంతెన ఎత్తు వస్తే దిగి నెట్టుకుంటూ పోయేవాళ్ళం, సిగ్గేమీ ఉండేది కాదు.

ఆ నల్ల సైకిలు ఫ్రీవీల్ చప్పుడు గుర్తుందా? తొక్కడం ఆపి దొర్లనిస్తే టికటికమనేది. లోపల స్ప్రింగు మీద ఆడే చిన్న కొక్కేలు పళ్ళమీద జారే చప్పుడది. ముందుకి తొక్కితే పట్టుకుంటాయి, ఆపితే వదిలేస్తాయి. ఆ కొక్కేలూ, పళ్ళబిళ్ళా ఒకే ముక్కగా చక్రం మధ్యలోని హబ్బు మీద మరమేకులా బిగుస్తాయి. తొక్కే ప్రతి తొక్కుకీ ఇంకాస్త బిగుస్తాయి. అందుకే ఊడదీయాలంటే బెంచి వైసు, బారెడు పానా, ఇద్దరు మనుషులు. బిళ్ళలు ఐదు, ఆరు, ఏడు అయ్యేకొద్దీ మరో చిక్కు వచ్చింది. కుడివైపు బాల్సు గుత్తికి లోపలివైపే ఉండిపోవడంతో, దన్నులేని ఇరుసు కొస పొడుగయింది. గతుకుల్లో అది వంగేది, విరిగేది.

దీనికి గట్టి పరిష్కారం 1978లో జపానులో షిమానో తెచ్చింది. సకాయ్ ఊళ్ళో 1921లో ఫ్రీవీళ్ళ తయారీతోనే మొదలైన కంపెనీ అది. కొక్కేలని బిళ్ళల్లోంచి తీసి హబ్బులో భాగం చేసింది. బాల్సుని కుడి చివరికి జరిపింది. దాంతో ఇరుసుకి దన్ను దొరికింది, బిళ్ళలు గాడుల్లో తోసే ఉత్త పళ్ళాలయ్యాయి. ఇప్పటి హబ్బుల్లో ఒక గాడి మిగతావాటికంటే సన్నం, అందుకని తప్పుగా తొడుగుదామన్నా కుదరదు. 1980ల చివర్లో బిళ్ళల పక్కన చిన్న మెట్లలాంటి చెక్కుళ్ళు కూడా వచ్చాయి. చైను పాత బిళ్ళని పూర్తిగా వదలకముందే కొత్తదాన్ని అందుకుంటుంది. ఎక్కుడులో బలంగా తొక్కుతూ కూడా గేరు మారేది వాటి పుణ్యమే.

ఇంతకీ కుర్రాడు నా పాత గుత్తిని ఐదు నిమిషాల్లో తీశాడు. చైను ముక్క తగిలించిన కడ్డీతో బిళ్ళలు తిరక్కుండా పట్టి, చివరి రింగుని పళ్ళ పానాతో విప్పాడు. కొత్తది తోసి, టకటకమనేదాకా రింగు బిగించాడు. దానికి 40 న్యూటన్ మీటర్ల బిగువు కావాలి, మొగమాటపడి వదిలెయ్యకూడదు.

"చైను కూడా మార్చండి సార్, పొడుగు చాలదు" అన్నాడు. నేను వినలేదు. తిరుగుదారిలో ముందు పెద్ద చైన్‌వీలు, వెనక 34 ఒకేసారి పడేసరికి చైను తీగలా బిగుసుకుని, డిరైలర్ చెయ్యి విరిగినంత పనైంది. మర్నాడు తలవంచుకుని వెళ్ళి పొడుగు చైనూ, పొడుగు చెయ్యి ఉన్న డిరైలరూ వేయించుకొచ్చాను. మీరు మార్చేటప్పుడు ఈ మూడింటి ఖర్చూ ముందే లెక్కవేసుకోండి. సాగిపోయిన పాత చైను కొత్త పళ్ళని త్వరగా అరగదీస్తుంది కూడా.

ఇప్పుడు టూర్ ద ఫ్రాన్స్ కొండల్లో ఛాంపియన్లే వెనక 34 పళ్ళు వేసుకుంటున్నారు. నా పాత 25 పళ్ళ గుత్తి బీరువాలో ఉంది. 45 దాటనివాళ్ళెవరికైనా కావాలంటే వచ్చి పట్టుకెళ్ళొచ్చు.