ఈకతో కట్టిన ఈగ

కామారెడ్డి జిల్లా పడమటి భాగమున, కర్ణాటక మహారాష్ట్ర సీమలకు చేరువగా నున్న పెద్దకొడప్‌గల్ పరిసరములు చెరువులకును వాగులకును నెలవులు. అనతిదూరమున, మంజీరానదిపై 1923లో ఆరంభింపబడి 1931లో పూర్తియైన నిజాంసాగరము విశాలముగా పరచుకొనియున్నది. జుక్కల్ దిక్కున కౌలాస్ నాలా జలాశయము కలదు. మాఘము గడచి ఫాల్గుణము ప్రవేశించి, రాత్రుల చలి వెనుదీసి, వానకాలపు ఒండు అడుగున పేరుకొని నీరు తేటపడిన దినములలో, ఇట్టి గట్లమీద గాలపుకర్ర చేపట్టి కూర్చుండిన వానిని చూచి, పనిలేక ప్రొద్దుపుచ్చుచున్నాడని దారిన పోవువారు తలచుట కద్దు. కాని గాలము వేయుట యొక విద్య. ఆ విద్యను శాస్త్రముగా వ్రాసిపెట్టిన ప్రభువు ఈ దక్కనుసీమ నేలినవాడే.

పెద్దకొడప్‌గల్‌నకు నైరృతి దిశను, సుమారు నూరు కిలోమీటర్ల దూరమున, నేడు బసవకల్యాణమని పిలువబడు కల్యాణనగరము పశ్చిమచాళుక్యుల రాజధాని. ఆరవ విక్రమాదిత్యుని కుమారుడును, భూలోకమల్ల బిరుదాంకితుడునైన మూడవ సోమేశ్వరుడు 1126 మొదలు 1138 వరకు అచట రాజ్యము చేసి, మానసోల్లాసమను సంస్కృత గ్రంథమును రచించెను. అభిలషితార్థచింతామణి యను నామాంతరముగల ఆ గ్రంథమున ఐదు వింశతులు, నూరు అధ్యాయములు కలవు. రాజోచితములైన వినోదములను వివరించు వింశతియందు సంగీతనృత్యముల సరసన మత్స్యవినోదమునకును స్థానమొసగబడినది. సుమారు 35 జాతుల చేపలను ఆయన పేర్కొని, సముద్రమున నుండునవి యేవి, నదులలో నుండునవి యేవి, పొలుసు గలవి యేవి, లేనివి యేవి యని విభజించి, ఏ జాతికి ఏ మేత ప్రియమో నిర్ణయించి, ముందుగా మేతవేసి చేపలను ఒకచోటికి మరపి, పిమ్మట గాలము వేయవలెనని విధించెను. జంతుశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో ఈ భాగమును పరిశీలించి, దాని విలువను లోకమునకు చాటెను. చేపను పట్టుటకు ముందు చేపను ఎరుగవలె ననునది సోమేశ్వరుని బోధ.

ఈ బోధయే మరియొక ఖండమున అంతకు పూర్వమే మరియొక రూపము దాల్చినది. క్రీస్తుశకము 200 ప్రాంతమున ఏలియన్ అను రచయిత మాసిడోనియా దేశపు నది యొకదానిని గూర్చి చెప్పుచు, అచటి చేపలు నీటిపై వ్రాలు ఒకానొక ఈగను తినుననియు, ఆ ఈగను చేతితో తాకినంతనే దాని రంగు చెడి రెక్కలు నలగుటచే అది ఎరగా పనికిరాదనియు, అందువలన జాలరులు కొక్కెమునకు ఎఱ్ఱని ఉన్ని చుట్టి, కోడిపుంజు ఈకలు రెండు కట్టి, ఈగను పోలిన ఎరను చేయుదురనియు వ్రాసెను. నేడు ఫ్లై ఫిషింగ్ అని ప్రపంచమంతట పేరొందిన కళకు మనకు దొరకు ప్రాచీన సాక్ష్యములలో ఇది ముఖ్యమైనది. 1496లో ఇంగ్లండున అచ్చుపడి, జూలియానా బెర్నర్స్ పేర ప్రసిద్ధమైన గాలపుశాస్త్రము పండ్రెండు ఈగలను నెలల క్రమమున చెప్పుచు మార్చితో మొదలిడును. ఆ నెల తొలియీగకు ధూసరవర్ణపు ఉన్నియు, కౌజుపిట్ట రెక్కయీకయు కావలెనట.

మార్చితో మొదలిడుటకు కారణము ప్రకృతియందే యున్నది. శీతలదేశముల యేళ్ళలో మేఫ్లై వంటి కీటకములు తమ బాల్యమునంతయు నీటియడుగున గడపి, వసంతారంభమున నీరు వేడెక్కగనే పైకి వచ్చి, రెక్కలు ధరించి, ఒకటి రెండు దినములలో గుడ్లు విడిచి మరణించును. చలికాలమంతయు మందగించియున్న ట్రౌట్ చేప ఆ కీటకములకై నీటిపైకి లేచును. అప్పుడు జాలరి చిన్న కొక్కెమును బిగించి పట్టుకొని, పట్టుదారముతో మొదట తోకను, పిదప ఉన్నితో దేహమును, తుదకు పక్షి యీకను చుట్టి పాదములను రెక్కలను నిర్మించును. ఇట్టి యీగకు బరువుండదు. సీసపుగుండు కట్టి విసరిన గాలమువలె అది దూరము పోజాలదు. కాబట్టి ఈ పద్ధతిలో దారమే బరువు గలదిగా నుండును. చెర్నాకోల ఝళిపించినట్లు కర్రను వెనుకకు ముందునకు ఆడింపగా ఆ దారము గాలిలో విప్పారి, కొనయందలి ఈగను నీటిపై మెల్లగా దింపును.

పూర్వపు పరికరముల సొగసు ఎరిగినవారు నేటికిని వానిని విడువరు. గుఱ్ఱపు వెండ్రుకలు పేని చేసిన దారము, తరువాత నూనె పట్టించిన పట్టుదారము, వెదురును చీల్చి ఆరు త్రికోణపు బద్దలుగా నునుపుచేసి అతికించిన కర్ర, ఇవి చేతిపనికి పరాకాష్ఠలు. ఆ కర్రలకు తొలినాళ్ళలో వాడిన వెదురు కలకత్తా రేవునుండి ఓడలలో పోయినదే. సాల్మన్ చేపలకై కట్టిన పాతకాలపు ఈగలలో మైనపు బొట్టువలె మెరయు ఈక మన దక్షిణాపథపు బూడిదరంగు అడవికోడి మెడయీక. ఆ ఈకలకై పక్షులు విరివిగా హతమగుచుండగా, పక్షుల యీకల ఎగుమతి 1902లో నిషేధింపబడెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము ఆ అడవికోడికి రక్షణ నిచ్చుచున్నది. నాటుకోడి యీకతోనే చక్కని ఈగను కట్టవచ్చును.

మంజీరలో ట్రౌట్ లేదు. ఆ చేపకు చల్లని నీరు కావలెను. అందుచే 20వ శతాబ్ది ఆరంభమున దానిని తెచ్చి పెంచినది నీలగిరులలో. అయినను మైదానపు చెరువులకు ఈ కళ పరాయిది కాదు. మద్రాసు సివిల్ సర్వీసునకు చెందిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో భారతదేశపు గాలపువేటను గూర్చియు, 1887లో ప్రత్యేకముగా చెరువుల గాలమును గూర్చియు గ్రంథములు రచించెను. నీటిపై పురుగుల నేరుకొను చిన్న చేపలు చిన్న ఈగకు లేచును. మన రాష్ట్రమత్స్యమైన కొర్రమట్ట నీటిపై కప్పను చూచి ఎగిరిపట్టు స్వభావము గలది. ఈకలతో కప్పను పోలిన ఎర కట్టుట నేర్పరికి కష్టము కాదు.

అయితే ఏ విద్యకైనను ధర్మము తోడుండవలెను. చెరువులోని చేపపై బ్రతుకు సాగించు గంగపుత్రుల, ముదిరాజుల హక్కు మొదటిది. వారి సహకార సంఘముల అనుమతి లేక గాలము వేయరాదు. తొలకరి వానలకు చేపలు గుడ్లుపెట్టు కాలమునను, కొర్రమట్ట తన పిల్లలగుంపును కాచుకొని తిరుగు వేళలను గాలము ముట్టరాదు. అక్కరకు మించి చిక్కిన చేపను తడిచేతితో పట్టి, కొక్కెము విప్పి, నీటిలోనికే విడువవలెను.

పెద్దకొడప్‌గల్ యువకులారా, నేటి ఫాల్గుణపు తేటనీటి కడకు పోయి, ముందుగా గాలము వేయక, ఏ పురుగు వ్రాలుచున్నదో, ఏ చేప లేచుచున్నదో చూడుడు. చెరువుతో తరతరముల పరిచయముగల పెద్దలను అడుగుడు. పిదప ఒక కొక్కెమును, కోడియీకను, దారమును చేపట్టి మీ చెరువు ఈగను మీరే కట్టుడు. సోమేశ్వరుని శాస్త్రము పుట్టిన సీమలో ఆ విద్యను తిరిగి నిలబెట్టుట మన కర్తవ్యము.