మోకు అందినంతే గని లోతు

కినత్తుకడవు చుట్టుపక్కల తెలుగు రైతులకు లోతు సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. కోయంబత్తూరు వైపు నేల కింద గట్టి రాయి. దాన్ని తొలిచి బావులు తవ్వారు, ఎడ్లతో కపిల తోలి నీళ్లు తోడారు. నీటిమట్టం దిగేకొద్దీ మోకు పొడవు పెరిగింది, ఎడ్లకు శ్రమ పెరిగింది. 1932లో పైకారా జలవిద్యుత్ కేంద్రం మొదలై, కరెంటు ఊరూరికీ చేరేకొద్దీ ఆ పని మోటారు పంపు అందుకుంది. లోతైన గనిదీ ఇదే చిక్కు: గిలక, మోకు, మోకు కొసన బరువు. ఆ మూడింటినీ నడిపే యంత్రం పేరు వైండర్. గని ఎంత లోతుకు పోగలదో చాలావరకు తేల్చేది ఈ యంత్రమే.

పాతకాలపు ఐరోపా గనుల్లో మనుషులూ గుర్రాలూ తిప్పే రాట్నాలుండేవి. నార తాళ్లు తడిసి కుళ్లేవి. ఇనుప గొలుసుకు ఒక్క లంకె విరిగినా బరువంతా కిందపడేది. 1834లో జర్మనీలోని హార్జ్ కొండల గనుల అధికారి విల్హెల్మ్ ఆల్బర్ట్ ఇనుప తీగలు పేని తాడు చేయించాడు. అందులో ఒక తీగ తెగినా మిగతావి బరువు మోస్తాయి. తెగిన తీగ తనిఖీలో కనబడి ముందే హెచ్చరిస్తుంది. లోతు గనులకు దారి తెరిచింది ఆ తాడే.

మన దేశంలో వైండర్ అసలు సత్తా కోలార్ బంగారు గనుల్లో తేలింది. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ అక్కడ అడుగుపెట్టింది. తమిళులతో పాటు చిత్తూరు వైపు తెలుగువాళ్లూ ఆ గనుల్లోకి దిగారు. తొలి వైండర్లు ఆవిరితో తిరిగేవి. 1902లో కావేరి మీది శివనసముద్రం నుంచి దాదాపు 147 కిలోమీటర్ల తీగల మీదుగా కరెంటు వచ్చింది. చాంపియన్ రీఫ్ గనిలో గిఫర్డ్ షాఫ్ట్ అనే దారి నిట్టనిలువునా దాదాపు 2 కిలోమీటర్లు దిగింది. అక్కడి నుంచి లోపలే తవ్విన మరికొన్ని షాఫ్టుల ద్వారా గని 3,200 మీటర్ల దాకా వెళ్లింది.

ఒకే షాఫ్టు అడుగుదాకా ఎందుకు తవ్వలేదు? 40 మిల్లీమీటర్ల మందం ఉక్కు తాడు మీటరుకు సుమారు 7 కిలోలు తూగుతుంది. 2 కిలోమీటర్ల తాడు బరువే 14 టన్నులు. మనుషులను దించే తాడుకు అది మోసే బరువుకు పదింతల బలం ఉండాలని పట్టుబడితే, ఆ లోతున ఖాళీ తాడుకే బలం చాలదు. అందుకే లోతు గనుల ఇంజనీర్లు షాఫ్టును అంచెలుగా విడగొట్టారు. దక్షిణాఫ్రికాలో లోతు పెరిగేకొద్దీ ఆ పదింతల నియమాన్ని సడలించి, బదులుగా తనిఖీని కఠినం చేశారు. మనుషులను మోసే కేజ్ ఒకటి పైకి వస్తుంటే ఇంకొకటి దిగేలా తూకం కుదిర్చి మోటారు మీది భారం తగ్గించారు. గడువు ప్రకారం తాడు కొస కత్తిరించి బలం పరీక్షిస్తారు. గంట ఎన్నిసార్లు మోగిందో లెక్కబెట్టి వైండర్ నడిపేవాడు కేజ్‌ను దించుతాడు, ఆపుతాడు.

తాడు కుదిరినా రాయి ఊరుకోదు. 3 కిలోమీటర్ల లోతున చదరపు మీటరుకు ఎనిమిది వేల టన్నులకు మించిన భారం పడుతుంది. తవ్విన చోట ఆ ఒత్తిడికి రాయి ఒక్కసారిగా పేలుతుంది. దీన్నే రాక్‌బర్స్ట్ అంటారు. కోలార్‌లో ఖాళీలను చెక్కిన గ్రానైట్ గోడలతో, తర్వాత కాంక్రీటుతో నింపి దాన్ని ఎదుర్కొన్నారు. అట్టడుగున రాయి వేడి 65 డిగ్రీలు దాటేది. చల్లార్చిన గాలి పంపనిదే మనిషి నిలవలేడు.

ప్లాటినం గనిలో ఈ కష్టాలు ఇంకా త్వరగా ఎదురవుతాయి. 1924లో హాన్స్ మెరెన్‌స్కీ దక్షిణాఫ్రికాలో గుర్తించిన పొర మందం ఇంచుమించు మీటరే. టన్ను రాయికి దక్కేది కొన్ని గ్రాములు. అక్కడ భూమి లోపలి వేడి త్వరగా పెరుగుతుంది కనుక, కోలార్‌లో 3 కిలోమీటర్లకు వచ్చిన వేడి అక్కడ 2 కిలోమీటర్లకే ఎదురవుతుంది. అందుకే లోతైన గనుల్లోకి చల్లబరచిన నీటిని పంపుతారు. యంత్రం ఎంత ఎదిగినా ప్రమాదం పోలేదు. 2023 నవంబరు 27న రస్టెన్‌బర్గ్‌లోని ఇంపాలా ప్లాటినం గనిలో 86 మందితో పైకి వస్తున్న కేజ్ దాదాపు 200 మీటర్లు కిందికి జారింది. 13 మంది చనిపోయారు.

కోలార్ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. అవి ఇచ్చిన బంగారం 800 టన్నులు. వాటి అనుభవం నుంచి 1988లో అక్కడే జాతీయ శిలా యాంత్రిక సంస్థ పుట్టింది. ఆ చదువు మనకు మళ్లీ అక్కరకు రావచ్చు. నామక్కల్ జిల్లా సిత్తంపూండిలో, మేట్టుపాళయం ప్రాంతపు శిలల్లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ప్లాటినం వర్గ లోహాల ఆనవాళ్లు గుర్తించింది. అక్కడ ఏనాడైనా గని తెరిస్తే, టన్నుకెన్ని గ్రాములన్నది రెండో లెక్క కావాలి. దిగిన ప్రతి మనిషీ తిరిగి పైకి వచ్చే దారి మొదటి లెక్క. కోయంబత్తూరు ఇంజనీరింగ్ కళాశాలల్లో చదువుతున్న మన పిల్లలు పంపులతో పాటు ఈ విద్యనూ అందిపుచ్చుకోవాలి.