చేతికంటని సొమ్ము

పూర్వము మన పల్లెలలో గృహిణులు ధాన్యము కొలిచి యిచ్చి ఉప్పును, కుండలను కొనెడివారు. గవ్వలు, లోహపు నాణెములు, కాగితపు నోట్లు క్రమముగా వాడుకలోనికి వచ్చినవి. నేడు నోటును చేత నంటకయే వెల చెల్లించు పద్ధతి ప్రబలినది. పట్టణములోని పెద్ద యంగడి మొదలుకొని వీథి చివరి ఇడ్లీల బండి వరకు, నలుపు తెలుపు గళ్లతో నిండిన చతురస్రపు బొమ్మ యొకటి కానవచ్చుచున్నది.

దానిని క్యూఆర్ కోడు అందురు. 1994వ సంవత్సరమున జపాను దేశములో మసహిరో హారా అను ఇంజనీరు తన సహచరులతో కలిసి దీనిని రూపొందించెను. మోటారు కార్ల భాగములను గుర్తించుటకై పుట్టిన ఈ గుర్తు నేడు కూరగాయల తట్ట ప్రక్కకు చేరినది. దాని మూడు మూలలనున్న పెద్ద గళ్లను బట్టి, కోడు ఎటు తిరిగియున్నదో ఫోను గ్రహించును. కొంత చెరిగినను, మాసినను చదువుటకు వీలగునట్లు దీనిని కూర్చిరి. దుకాణదారుని ఖాతాకు దారి చూపు చిరునామా దీనియందు ఇమిడియుండును.

ఒక గృహిణి రైతు బజారులో 35 రూపాయల ఆకుకూరలు కొన్నదనుకొందము. ఆమె ఫోనుతో కోడును చూడగా తెరపై అమ్మువారి పేరు కనబడును. ఆమె మొత్తమును వేసి, తన రహస్యసంఖ్యను నొక్కును. ఆ కోరిక నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అను సంస్థ నడపు యు.పి.ఐ. మార్గమున ఆమె బ్యాంకునకు పోవును. ఆ బ్యాంకు సంఖ్యను సరిచూచి 35 రూపాయలు తగ్గించును. అమ్మువారి బ్యాంకు అంత సొమ్మును వారి ఖాతాలో కలుపును. ఇంతయు సాధారణముగా కొలది క్షణములలో ముగియును. ఈ మార్గము 2016వ సంవత్సరమున ఏర్పడినది. కొన్ని దుకాణములలో ఫోనును యంత్రము చెంత నుంచినంతనే వెల చెల్లు పద్ధతియు కలదు. అందు కొలది సెంటిమీటర్ల దూరము మాత్రమే పోవు రేడియో తరంగములు పనిచేయును.

దీనివలన కలిగిన మేలు తక్కువది కాదు. బోణీ బేరమునకే 500 రూపాయల నోటు వచ్చినచో చిరువర్తకుడు చిల్లరకై నాలుగు దుకాణములు తిరుగవలసి యుండెడిది. రెండు రూపాయలకు బదులు చాక్లెట్టు చేతిలో పెట్టుటయు కలదు. ఇప్పుడా చిక్కు చాలవరకు తొలగినది.

కాని ప్రతి సౌకర్యము వెంట ఒక జాగ్రత్త యుండవలెను. సంతలో ఆకుకూరలమ్ము ముదుసలి యొకతె కలదనుకొందము. ఆమెకు చదువు రాదు. కొనువాడు ఫోను తెరను క్షణకాలము చూపి, “పంపితిని, అవ్వా” అని వెడలిపోవును. తెరపై నున్నది నిజమైన రసీదో, నిన్నటి బొమ్మయో ఆమె యెరుగదు. సాయంకాలము మనుమడు ఖాతా చూచి చెప్పినగాని మోసము బయటపడదు. 35 రూపాయలు ధనికునకు లెక్కకు రాకపోవచ్చును; ఆమెకవి ఆ పూట బియ్యము. ఈ చిక్కు తీర్చుటకే దుకాణములలో మాటలాడు పెట్టెలు వెలసినవి. సొమ్ము అందగానే పెట్టె ఆ మొత్తమును తెలుగులో పలుకును. అది పలుకువరకు నిలుచుట కొనువాని ధర్మము.

ఒక్కొక్కప్పుడు కొనువాని ఖాతాలో సొమ్ము తగ్గియు, అమ్మువానికి కబురు రాదు. అట్టిచో ఒకరినొకరు దొంగగా తలంపరాదు. దుకాణపు చెల్లింపులలో అట్టి సొమ్మును, చెల్లించిన దినము తరువాత 5 దినములలోగా తిరిగి ఖాతాలో వేయవలెనని రిజర్వు బ్యాంకు 2019లో నియమము చేసినది.

మోసగాండ్రు దుకాణపు కోడుపై తమ కోడును అతికించుటయు కలదు. కావున తెరపై కనబడిన పేరును దుకాణదారునకు చదివి వినిపించిన పిదపనే చెల్లింపవలెను. రహస్యసంఖ్య సొమ్ము ఇచ్చుటకే గాని పుచ్చుకొనుటకు అక్కరలేదు. “మీకు సొమ్ము వచ్చును, సంఖ్య నొక్కుడు” అని యెవరైన చెప్పినచో అది వంచనయే. మోసపోయినవారు వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను.

నోట్లు, నాణెములు నేటికిని చెల్లుచున్నవి. ఫోను లేనివారిని, రొక్కమిచ్చువారిని చిన్నచూపు చూడరాదు. చదువు నేర్చిన బాలబాలికలు ఇంటిలోని అవ్వకు, వీథిలోని చిరువర్తకులకు ఖాతా చూచుకొను విధమును ఓపికతో నేర్పవలెను. ఒక ముదుసలి దినమంతయు ఎండలో కూర్చుండి సంపాదించిన సొమ్మును ఆ కొలది పాటి చదువు కాపాడును.