మీకు తెలుసా? ప్రశ్న ఒక శాఖది, ఫలితం మరో శాఖది

విశ్వవిద్యాలయంలో ఒక్కో శాఖకు ఒక్కో భవనం, ఒక్కో బోర్డు. పరిశోధనలు మాత్రం ఆ గోడల్ని లెక్కచేయవు. బల్లి విషం మీద పని మధుమేహానికి మందైంది. పెళ్లిసంబంధాల లెక్క ఇంజినీరింగ్ సీట్లు పంచుతోంది. ఒకదానికొకటి పొంతనలేని శాఖల్లో జరిగిన పనులివి. ఏ ఒక్కటీ వృథా పోలేదు.

గణాంక సంస్థలో డైనోసార్

కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ లెక్కల చదువుకు పేరు. అయినా అక్కడి భూగర్భశాస్త్ర మ్యూజియంలో ఓ భారీ డైనోసార్ అస్థిపంజరం నిలబడి ఉంటుంది. అది మన గోదావరి లోయదే. ప్రాణహిత-గోదావరి పరీవాహకంలో, మహారాష్ట్రలోని సిరోంచ ప్రాంతంలో పోచంపల్లి అనే గ్రామం దగ్గర దాని ఎముకలు బయటపడ్డాయి. తొడ ఎముక ఒక్కటే మనిషంత పొడవు. 1961లో తవ్వకం సాగింది. అది రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి సంవత్సరం కావడంతో ఆ జీవికి ‘బరపాసారస్ టాగోరై’ అని పేరు పెట్టారు.

లెక్కల సంస్థకు ఎముకలతో ఏం పని? సంస్థను 1931లో స్థాపించిన ప్రశాంతచంద్ర మహలనోబిస్ స్వయంగా భౌతికశాస్త్ర అధ్యాపకుడు. గణాంకశాస్త్రం తక్కిన శాస్త్రాల పక్కనే పెరగాలన్నది ఆయన పట్టుదల. అందుకే లండన్ నుంచి పమేలా రాబిన్సన్ అనే శిలాజ నిపుణురాలిని పిలిపించి, భూగర్భశాస్త్ర విభాగానికి పునాది వేయించారు.

పుర్రెలు కొలిచిన లెక్కల మాస్టారు

ప్రఖ్యాత గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో గణితం చదివారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లి, మహలనోబిస్ సంస్థలో శిక్షణకు చేరారు. 1946లో కేంబ్రిడ్జి నుంచి పిలుపొచ్చింది. పిలిచింది గణిత విభాగం కాదు, అక్కడి మానవశాస్త్ర, పురావస్తు మ్యూజియం!

సూడాన్‌లోని జెబెల్ మోయా అనే చోట పాత సమాధుల్లో దొరికిన అస్థిపంజరాలు వాళ్ల దగ్గర ఉన్నాయి. ఆ మనుషులు ఏయే జనసమూహాలకు దగ్గరివాళ్లో తేల్చాలి. పుర్రె పొడవు, వెడల్పు, ముఖం ఎత్తు... ఇలా ఒక్కో ఎముకకు ఎన్నో కొలతలు. ఒకటి పెరిగితే దాంతోపాటు మరొకటీ పెరుగుతుంది కాబట్టి వాటిని విడివిడిగా పోల్చి లాభం లేదు. అన్నిటినీ కలిపి రెండు సమూహాల మధ్య దూరాన్ని ఒకే అంకెలో చెప్పే పద్ధతి మహలనోబిస్ కనిపెట్టారు. ఆ పద్ధతి తెలిసిన మనిషి కావాలనే రావును పిలిచారు. పగలు ఎముకల లెక్కలు చూస్తూనే, ఆర్.ఎ.ఫిషర్ దగ్గర ఆయన 1948లో పీహెచ్‌డీ పూర్తిచేశారు. అదే ‘మహలనోబిస్ దూరం’ ఇప్పుడు కంప్యూటర్లలో, గుంపుకు పొసగని అంకెల్ని పట్టుకునే పనిలో ఉంది. రావుకు 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి దక్కింది. అప్పటికి ఆయన వయసు 102 ఏళ్లు.

సూర్యుణ్ని చూస్తూ చెట్ల దగ్గరికి

ఎ.ఇ.డగ్లస్ అమెరికా ఖగోళ శాస్త్రవేత్త. సూర్యుడి మీది మచ్చలు దాదాపు 11 ఏళ్లకోసారి పెరిగి తగ్గుతుంటాయి. ఆ ప్రభావం వానల మీద ఉంటుందా అన్నది ఆయన సందేహం. వందల ఏళ్ల వాన లెక్కలు ఎవరి దగ్గరా లేవు. దాంతో ఆయన చూపు చెట్ల మీద పడింది. అరిజోనా లాంటి పొడినేలలో వాన బాగా కురిసిన ఏడు పైన్ చెట్టుకు వెడల్పాటి వలయం ఏర్పడుతుంది. కరువు ఏడు సన్నటి గీతే. బతికున్న చెట్టు లోపలి వలయాల వరుస, ఎప్పుడో నరికిన మాను బయటి వలయాల వరుసతో సరిపోతే లెక్క ఇంకా వెనక్కి సాగుతుంది.

ఈ సంగతి పురావస్తు శాస్త్రవేత్తల చెవిన పడింది. ప్యూబ్లో అనే ఆదివాసీ తెగల ప్రాచీన కట్టడాల దూలాల నుంచి కోసిన ముక్కలు ఆయనకు చేరాయి. ఆ ముక్కలు ఒకదాంతో ఒకటి సరిపోయాయి గానీ, నేటి చెట్ల వరుసతో కలవలేదు. మధ్యలో కొన్నేళ్లు ఖాళీ. 1929 జూన్‌లో షో లో అనే ఊళ్లో కాలి బొగ్గైన ఓ దూలం ముక్క దొరికింది. దాని వలయాలు ఒక కొసన పాత వరుసతో, మరో కొసన కొత్త వరుసతో కలిశాయి. అప్పటిదాకా వయసు తెలియని శిథిలాలకు ఫలానా ఏడాది అని తేదీ దొరికింది. సూర్యుడి మచ్చల ప్రశ్న డగ్లస్‌కు చివరిదాకా తేలలేదు. చరిత్రకు మాత్రం కొత్త కాలమానం వచ్చింది. వాతావరణ శాస్త్రజ్ఞులు గత శతాబ్దాల కరువుల్ని ఇప్పటికీ ఆ వలయాల్లోనే చదువుతున్నారు.

బల్లి విషం, షుగర్ మందు

గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి అమెరికా, మెక్సికో ఎడారుల్లో ఉంటుంది. దాని విషాన్ని పరీక్షించిన న్యూయార్క్ వైద్యుడు జాన్ ఎంగ్, 1992లో ‘ఎక్సెండిన్-4’ అనే పదార్థం వివరాలు ప్రకటించారు. మనం భోంచేశాక పేగుల్లో జీఎల్‌పీ-1 అనే హార్మోన్ ఊరి, ఇన్సులిన్ విడుదలకు సాయపడుతుంది. కానీ అది నిమిషాల్లో విచ్ఛిన్నమైపోతుంది. బల్లిలోని పదార్థం దాన్ని పోలి ఉండి గంటల తరబడి నిలుస్తుంది. దాని నమూనాతో ప్రయోగశాలలో తయారుచేసిన ఎక్సెనటైడ్ ఇంజెక్షన్‌కు 2005లో అమెరికా అనుమతి దొరికింది. ఈ తరగతి మందుల్లో మార్కెట్‌కు వచ్చిన మొదటిది అదే. ఇంటికొక షుగర్ రోగి ఉన్న రోజుల్లో, ఎక్కడో ఎడారి బల్లిని పరీక్షించడం ఎందుకని ఎలా అంటాం?

వేడినీటి బుగ్గ నుంచి కరోనా పరీక్ష దాకా

1960లలో సూక్ష్మజీవ శాస్త్రవేత్త థామస్ బ్రాక్ అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులో వేడినీటి బుగ్గల్ని పరిశీలించారు. చెయ్యి పెడితే కాలిపోయే నీళ్లలో ఓ బ్యాక్టీరియా హాయిగా బతుకుతోంది. తర్వాత కొన్నేళ్లకు డీఎన్‌ఏ ప్రతుల్ని లక్షల్లో తీసే పీసీఆర్ పద్ధతి వచ్చింది. అందులో ప్రతి విడతా ద్రవాన్ని దాదాపు మరిగేంతగా వేడిచేయాలి. ఆ వేడికి మామూలు ఎంజైములు చెడిపోయేవి. బ్రాక్ చూసిన బ్యాక్టీరియా ఎంజైమ్ మాత్రం తట్టుకుంది. కరోనా రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టించుకుని ఆర్‌టీపీసీఆర్ ఫలితం కోసం ఎదురుచూసిన మనందరికీ ఆ బుగ్గతో చుట్టరికం ఉన్నట్టే.

పెళ్లి లెక్కతో సీట్లు, కిడ్నీలు

కొందరు అబ్బాయిలు, కొందరు అమ్మాయిలు. ఎవరి ఇష్టాల వరుస వాళ్లది. తమ జంటల్ని వదిలి ఒకరినొకరు ఎంచుకోవాలనుకునే ఇద్దరు ఎక్కడా మిగలకుండా అందర్నీ కలపడం ఎలా? డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అనే గణిత పండితులు 1962లో దీనికి దారి చూపారు. ఒక పక్షం తమ వరుసలో మొదటివాళ్లను అడుగుతుంది. అవతలివాళ్లు వచ్చినవాటిలో మెరుగైనదాన్ని తాత్కాలికంగా అట్టిపెట్టుకుని తక్కినవి కాదంటారు. కాదనిపించుకున్నవాళ్లు వరుసలో తర్వాతివాళ్లను అడుగుతారు. ఇక అడిగేవాళ్లు మిగలనప్పుడు జంటలు ఖాయం.

ఐఐటీలు, ఎన్‌ఐటీల ఉమ్మడి కౌన్సెలింగ్‌లో మన పిల్లలు నింపే ఆప్షన్ల వెనక పనిచేసేది ఈ పద్ధతే. ఎల్విన్ రాత్ అనే ఆర్థికవేత్త ఇదే రకం సరిజోడింపు ఆలోచనను కిడ్నీల మార్పిడికీ తెచ్చారు. సొంత మనిషికి కిడ్నీ సరిపడని దాతల్ని మరో కుటుంబంతో కలిపే ఏర్పాటది. రాత్, షాప్లీలకు 2012లో ఆర్థికశాస్త్ర నోబెల్ దక్కింది.

భీమవరం బిడ్డ, పొలం మట్టి

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన విభాగాన్ని నడిపారు. మొక్కల తెగుళ్ల నిపుణుడు బెంజమిన్ డగ్గర్ ఉద్యోగ విరమణ చేశాక, ఆయన్ను మందుల వేటలోకి తెచ్చుకున్నారు. డగ్గర్ ఊరూరి నుంచి మట్టి తెప్పించారు. మిస్సోరి విశ్వవిద్యాలయంలో 1888 నుంచి పంటమార్పిడి, ఎరువుల పరీక్షలు జరుగుతున్న పొలం మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవి ఒకటి కనిపించింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో తొలి మందు ఆరియోమైసిన్ దాన్నుంచే 1948లో లోకానికి అందింది. నేల సారం కోసం మొదలైన పొలం రోగుల ప్రాణం నిలిపింది.

వంశవృక్షం భాషలకూ ఉంది

జంతువులు, మొక్కల్లో ఏది ఏ కొమ్మ నుంచి ఎప్పుడు చీలిందో లెక్కగట్టేందుకు జీవశాస్త్రంలో కొన్ని గణిత పద్ధతులున్నాయి. వాటినే భాషలకు వర్తింపజేశారు పరిశోధకులు. తెలుగు, గోండి, బ్రాహుయీ సహా 20 ద్రావిడ భాషా రూపాల పదాల్ని ఆ భాషలు మాట్లాడేవాళ్ల నుంచి సేకరించి లెక్కించారు. ఈ కుటుంబం వయసు సుమారు 4,500 ఏళ్లని 2018లో వచ్చిన ఆ అధ్యయనం అంచనా వేసింది.

నాగలి దగ్గరికి భాషాశాస్త్రం

భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం 1962లో వెలువడింది. విషయం వ్యవసాయం. జిల్లా జిల్లాలో రైతుల్ని అడిగి నాగలి భాగాలు, పనిముట్లు, సేద్యపు పనుల పేర్లు రాసుకున్నారు. రెండోది చేనేత మీద. ఆ తరంలోనే బిరుదురాజు రామరాజు ఉస్మానియాలో జానపద గేయాల మీద పరిశోధన చేశారు. నాట్లేస్తూ, తిరగలి విసురుతూ ఆడవాళ్లు పాడుకున్న పాటలకు విశ్వవిద్యాలయంలో పీట వేశారు. ట్రాక్టర్లు, మిక్సీలు వచ్చాక ఆ పేర్లూ పాటలూ చాలామటుకు నోళ్లలోంచి జారిపోయాయి. అప్పుడు సేకరించకపోతే ఇప్పుడు ఎంత డబ్బు పోసినా దొరికేవి కావు.

కప్ప తేలింది, నోబెల్ వచ్చింది

ఆంద్రే గైమ్ నెదర్లాండ్స్‌లో బలమైన అయస్కాంతంతో బతికున్న కప్పను గాల్లో తేలించారు. దానికి 2000లో, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పనులకిచ్చే ఇగ్ నోబెల్ దక్కింది. తర్వాత పెన్సిల్‌లో ఉండే గ్రాఫైట్‌ను మామూలు టేపుతో పొరలుగా ఒలిచి, ఒకే పరమాణువు మందమున్న గ్రాఫీన్‌ను విడదీశారు. కాన్‌స్టాంటిన్ నొవొసెలొవ్‌తో కలిసి 2010లో అసలు నోబెల్ అందుకున్నారు.

ఇంట్లో కూర్చునే చదవొచ్చు

మన దేశంలోని పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు లక్షల్లో ‘శోధ్‌గంగ’ వెబ్‌సైట్‌లో ఉన్నాయి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం దీన్ని నడుపుతోంది. చూడటానికి రుసుము లేదు. తెలుగులో రాసినవీ ఉన్నాయి. సాహిత్యం పక్కనే రసాయనశాస్త్రం, దాని పక్కనే గ్రామీణ రుణాల మీద అధ్యయనం కనిపిస్తాయి. వీటిలో చాలావాటికి ప్రజల సొమ్ము ఖర్చయింది కాబట్టి చదివే హక్కూ మనదే. ఇంటర్, డిగ్రీ పిల్లలకు ఓసారి చూపించండి. చదవదగ్గ సబ్జెక్టులు మూడో నాలుగో కావని వాళ్లకే అర్థమవుతుంది. మీ అమ్మాయి సాలీళ్ల మీదో, పాత శాసనాల మీదో పరిశోధన చేస్తానంటే ‘దానివల్ల ఏం వస్తుంది’ అని ఆపకండి. ఏం వస్తుందో, ఏ శాఖకు వస్తుందో ముందే చెప్పగలిగినవాళ్లు పై కథల్లో ఒక్కరూ లేరు.