డాబాపై దిగిన పందెపు పావురము

శీతకాలము ప్రవేశించినది మొదలు ఎండలు ముదురువరకును చెన్నపట్టణపు పందెగాండ్రు తమ పావురములను బుట్టలకెక్కించి, నెల్లూరు, ఒంగోలు మొదలైన మన కోస్తా పట్టణములకును, దూరపు పందెములైనచో నాగపురమువంటి చోట్లకును కొనిపోయి, ఉదయమున విడిచిపెట్టుదురు. విడిచినవన్నియు ఇల్లు చేరవు. ఎదురుగాలియో, డేగ తరుముటయో, కరెంటు తీగయో, సంక్రాంతి దినములలో గాలిపటముల మాంజాయో అడ్డుపడగా, దారిలోని ఏ ఊరి డాబామీదనో ఒక పావురము దిగి, మనిషి సమీపించినను ఎగిరిపోక, ఈకలు ఉబ్బించి, కన్నులు అరమోడ్చి కూర్చుండును. ఊరపావురములకు లేని కడియమొకటి దాని కాలికి కనబడును.

చూచినవారు దారి తప్పినదని జాలిపడుదురు. కాని అనేక పర్యాయములు అది దారి తెలియని పక్షి కాదు, శక్తి ఉడిగిన పక్షి. ఈ భేదమును గ్రహించినచో దానికి చేయదగిన సాయమేదియో, చేయరానిదేదియో సులభముగా బోధపడును.

అర కిలోకు అటునిటుగా తూగు ఆ దేహములో సుమారు నాలుగవ వంతు రొమ్ముకండరములే. గంటల తరబడి రెక్కలాడించు ఆ కండరములకు ముఖ్యమైన ఇంధనము కొవ్వు. అది దహింపబడునపుడు పుట్టు వేడి సామాన్యమైనది కాదు. పక్షికి స్వేదగ్రంథులు లేవు గనుక, ఊపిరితోను చర్మముగుండను నీటిని ఆవిరిగా వెడలించియే అది దేహమును చల్లార్చుకొనవలెను. కావున దిగిన పావురమునకు ఆకలికంటె ముందు తీర్పవలసినది దాహము. పెక్కు పక్షులు ముక్కున నీరు తీసికొని తలయెత్తి మ్రింగును. పావురము మాత్రము పశువువలె ముక్కును నీటిలో ముంచి పీల్చుకొనును. పళ్లెములో పలుచగా పోసిన నీరు దానికి అందదు. 2, 3 సెంటీమీటర్ల లోతుండు మూకుడు కావలెను. నోరు తెరచి నీరు పోయుట ఎంతమాత్రమును తగదు, ఏలయన నాలుక మొదటనే శ్వాసనాళపు ద్వారమున్నది. అందు నీరు చొచ్చినచో ప్రాణమునకే ముప్పు.

నీరు త్రాగి తేరుకొనిన పిదప గింజలు పెట్టవలెను: జొన్నలు, సజ్జలు, మొక్కజొన్నలు, పెసలు, బియ్యము, ఏవైనను పచ్చివి, ఎండినవి, కొలదికొలదిగా. రొట్టె, పాలు, వండిన అన్నము ఆదరముతో పెట్టువారు కలరు గాని అవి దానికి తగిన ఆహారములు కావు. నిరాహారముగానున్న పక్షి రెట్ట పచ్చగా, నీళ్లగా ఉండును. కడుపు ఖాళీయైనందున పైత్యరసమే వెలువడుచున్నదన్నమాట. గింజ అరుగసాగిన కొలది రెట్ట గట్టిపడును. గాలి రంధ్రములు గల అట్టపెట్టెలో కాగితము పరచి, పిల్లికిని, తిరుగు ఫ్యానుకును దూరముగా, సందడిలేని చోట నుంచవలెను. బెదరు సైతము మిగిలిన శక్తిని హరించును. ఇంటి కోళ్లతో కలుపరాదు. ముట్టుకొనిన చేతులు సబ్బుతో కడుగవలెను.

కడియమునకు అతుకుండదు. పిల్ల పుట్టిన వారము దినముల ప్రాంతమున, లేతవ్రేళ్లను దగ్గరగా చేర్చి, పాదముమీదుగా దానిని తొడుగుదురు. పాదము పెరిగిన వెనుక అది తనంత ఊడిరాదు. దానిపై పందెగాండ్ర సంఘపు అక్షరములు, పుట్టిన సంవత్సరము, వరుస సంఖ్య ఉండును. ఒక్కొక్కప్పుడు యజమాని ఫోన్ నంబరు రెక్క ఈకలమీద ముద్రింపబడి ఉండును గనుక రెక్కను మెల్లగా విప్పి చూడవలెను. కడియమును కోసి తీయుట ఆ పక్షి చిరునామాను చెరిపివేయుటయే.

ఒకటి రెండు దినములలో తేరుకొనిన పక్షిని ఎప్పుడు విడువవలెనన్నది శాస్త్రము తీర్చిన ప్రశ్న. పక్షులు సూర్యుని దిక్సూచిగా వాడుకొనునని 1950 ప్రాంతమున జర్మను శాస్త్రజ్ఞుడు గుస్టావ్ క్రామర్ నిరూపించెను. 1971లో అమెరికాలో విలియం కీటన్ ప్రకటించిన ప్రయోగములలో, వీపున అయస్కాంతము కట్టిన పావురములు ఎండకాచిన దినమున సరిగనే పోయినవి, మబ్బుపట్టిన దినమున తికమకపడినవి. అనగా సూర్యుడు కనబడనపుడు అవి భూమి అయస్కాంత క్షేత్రమును ఆశ్రయించునని తేలినది. ఇటలీలో ఫ్లోరియానో పాపీ గాలిలోని వాసనలుగూడ వానికి దారి చూపునని చెప్పెను. ఇన్ని ఆధారములున్నను ఎండయే మొదటిది గావున, నిర్మలమైన ఉదయమున, తీగలు చెట్లు అడ్డులేని మేడమీద విడువవలెను. పావురము సాధారణముగా రాత్రి ఎగురదు; సాయంకాలము విడిచినచో ఏ చూరుకిందనో పిల్లికి చిక్కును.

ఇందు నాకు మిక్కిలి అద్భుతముగా తోచునది వేరొకటి. సూర్యుడు కదలుచుండగా వానితో దిక్కు తెలియవలెనన్న లోపల గడియారముండవలెను. కృత్రిమమైన వెలుతురులో కొన్ని దినములుంచి ఆ గడియారమును 6 గంటలు జరిపినచో, పావురము సుమారు 90 డిగ్రీలు పెడదిక్కునకు బయలుదేరును. కనుక కొన్నాళ్లు ఇంటనుంచవలసివచ్చినపుడు రాత్రంతయు దీపము వెలుగు గదిలో ఉంచరాదు. పగటి వెలుగును రాత్రి చీకటిని దానికి అందనీయవలెను.

పిల్లి కోర తగిలిన పక్షి సంగతి వేరు. గాయము సూదిమొనంతయే కనబడినను, పిల్లి నోటి సూక్ష్మజీవులు రక్తమున చేరినచో అది ఒకటి రెండు దినములలో మరణింపవచ్చును. అట్టిదానిని ఆ దినముననే పశువైద్యుని యొద్దకు కొనిపోవలెను. రెక్క విరిగి ఇక ఎగురజాలని దానిని, యజమాని తెలియని యెడల, సమీపమున పావురములు పెంచువారికి అప్పగించుట మేలు. అది గుంపులో మెలగు పక్షి.